గాలి తిరిగే గంట: 2023 జూన్‌లో నా అంచనా ఎక్కడ తప్పింది

నేను వాతావరణ శాఖ మనిషిని కాను. నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌గా చాలా ఏళ్లు తిరిగాను. ఎండాకాలంలో చెరువు బతకడం చావడం మేత కన్నా గాలి మీదే ఎక్కువ ఆధారపడి ఉందని అర్థమయ్యాక అటువైపు చదువు మొదలుపెట్టాను. ఇప్పుడు కొందరు చెరువుల రైతులకు, ఇద్దరు వరి రైతులకు, ఒక బోటు యజమానికి వారానికోసారి రెండు పేజీల అంచనా రాసిస్తుంటాను. ఫోన్లు మాత్రం రోజూ వస్తాయి.

ఇక్కడ రాస్తున్నది 2023 ఎండాకాలం చివర్లో నేను ఇచ్చిన ఒక అంచనా గురించి. అది తప్పింది. కొంత సర్దుకున్నాను, కొంత సర్దుకోలేకపోయాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు దీన్ని పదేపదే అడుగుతున్నారు కాబట్టి పూర్తిగా రాసి పెడుతున్నాను.

అడిగినవాళ్లు

మే 26, శుక్రవారం. రోహిణీ కార్తె మొదలై ఒక్క రోజైంది. ఆ రోజు నా ముందు మూడు ప్రశ్నలున్నాయి.

మొగల్తూరు దగ్గర నాలుగు చెరువులున్న పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ అంటాను. రెండేసి ఎకరాల చెరువులు, వనామి రకం రొయ్య, మార్చి మొదట్లో పిల్ల వదిలారు. అప్పటికి 50 కౌంట్ వచ్చింది, అంటే కిలోకి 50 రొయ్యలు. ఇంకో మూడు వారాలు ఉంచితే 40కి వస్తుంది, ధరలో తేడా బాగానే ఉంటుంది. ఆయన అడిగింది ఒక్కటే: "ఏరా అబ్బాయ్, ఉంచమంటావా, పట్టించేయమంటావా?"

పాలకొల్లు దగ్గరి వరి రైతు సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, ఆకుమడి ఎప్పుడు పోయాలని అడిగారు. కాలవలకు నీళ్లు జూన్ మొదట్లోనే వదులుతారని అప్పటికే చెప్పారు. అంతర్వేది వైపు బోటు యజమానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 15 తెల్లవారుజామున సముద్రం ఎలా ఉంటుందో ఆయనకు కావాలి.

ముగ్గురూ తేదీ అడిగారు. నేను తేదీయే ఇచ్చాను. తప్పు అక్కడే మొదలైంది.

ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎడారి

గోదావరి డెల్టాలో ఎండాకాలం చివరి రోజుల్ని రెండు చోట్లు నడిపిస్తాయి. ఒకటి గుమ్మం ముందున్న బంగాళాఖాతం. రెండోది మనలో చాలామంది కళ్లతో చూడని థార్ ఎడారి. మే నెలలో రాజస్థాన్, సింధు ప్రాంతాల్లో నేల కాగిపోయి గాలి పలచబడి పైకి లేస్తుంది, అక్కడ పీడనం పడిపోతుంది. దాన్నే ఉష్ణ అల్పపీడనం అంటారు. రుతుపవనాలను దేశం లోపలికి లాగడంలో దానికీ వాటా ఉంది. కానీ రుతుపవనం వచ్చేలోపు ఆ వైపు నుంచి పొడిగాలి మధ్యప్రదేశ్, విదర్భ, తెలంగాణ మీదుగా వాయవ్యం నుంచి మన మీదకు దిగుతుంది. దక్కను పీఠభూమి మీంచి, తూర్పు కనుమల మీంచి కిందికి జారేటప్పుడు ఆ గాలి ఇంకా వేడెక్కుతుంది. పొడిగాలి ఒక కిలోమీటరు కిందికి దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇది మారని లెక్క.

దానికి ఎదురు నిలిచేది సముద్రపు గాలి ఒక్కటే. పొద్దుటి నుంచి నేల కాగుతుంది, సముద్రం మాత్రం 30 డిగ్రీల చుట్టూ ఉండిపోతుంది. ఆ తేడా వల్ల మధ్యాహ్నానికి ముందో తర్వాతో గాలి సముద్రం నుంచి నేల మీదకు తిరుగుతుంది. పేరుపాలెం ఒడ్డున 11 గంటలకు తగిలిన గాలి భీమవరం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తాడేపల్లిగూడెంలో అది తగిలేసరికి సాయంత్రమే. పెద్దలు పైరగాలి అని మురిసిపోయేది దీన్నే. పడమటి గాలి పైన బలంగా ఉంటే మాత్రం దీన్ని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. అప్పుడు మధ్యాహ్నం 3 దాకా గాలి తిరగదు, ఒక్కోసారి అసలు తిరగదు.

అంటే మే 20 నుంచి జూన్ 20 దాకా మన దగ్గర వాతావరణం అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇవాళ గాలి ఎన్ని గంటలకు తిరుగుతుంది? 11కి తిరిగితే ఎండ 36, 37 దగ్గర ఆగుతుంది. 3కి తిరిగితే 43 చూస్తాం. ఊరు అదే, ఆకాశం అదే, సూర్యుడూ అదే. నాలుగు గంటల తేడాకు ఆరు డిగ్రీలు.

ఒడ్డు ఎటు తిరిగి ఉందన్నది కూడా లెక్కే. కాకినాడ, ఉప్పాడ వైపు తీరం తూర్పుకు ముఖం పెట్టి ఉంటుంది. పడమటి గాలి అక్కడ నేరుగా నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, సముద్రపు గాలికి తలుపు మూసినట్టే. నరసాపురం, పేరుపాలెం దగ్గర తీరం దాదాపు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది, సముద్రం దక్షిణాన ఉంటుంది. పడమటి గాలి ఇక్కడ ఒడ్డు వెంటే పోతుంది. కొంచెం నైరుతికి వాలితే చాలు, సందులోంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. అందుకే ఒకే రోజు కాకినాడ మండిపోతుంటే మొగల్తూరులో పర్వాలేదనిపించిన రోజులు నా డైరీలో చాలానే ఉన్నాయి.

ఇంకో సంగతి మనవాళ్లు పట్టించుకోరు. ఫిబ్రవరిలో డెల్టా అంటే పచ్చటి నీటి మడి. దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి, కాలవలు కట్టేశాక మే నెలాఖరుకు చూడండి: మోడులు, నెర్రెలిచ్చిన నల్లరేగడి. తడి ఉన్న నేల మీద ఎండ సగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి లేని నేల మీద ఎండంతా గాలిని కాల్చడానికే పోతుంది. దేశం మొత్తానికి అన్నపూర్ణ అని చెప్పుకునే నేల నెలన్నరపాటు ఎడారికి చుట్టమవుతుంది. "రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయి" అన్న మాట పుట్టినప్పుడు కాలవలు ఉన్నాయో లేదో నాకు అనవసరం. కాలవలు కట్టేసిన ప్రతి ఏడూ ఆ మాట నిజమవుతూనే ఉంది.

ఉక్కపోత గురించి ఒక పక్క మాట. సముద్రపు గాలి వచ్చింది కాబట్టి హాయి అనుకోవడం పొరపాటు. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 25 దగ్గర చూపిస్తుంది. 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 29 దాటుతుంది. ఒంటికి చెమట ఆరేది ఆ రెండో రోజే తక్కువ. తీరప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే ఎండ కనీసం 37 ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఆ లెక్క మొదటి రోజును పట్టుకుంటుంది, రెండో రోజును వదిలేస్తుంది. గట్టు మీద వలలు లాగే కూలీలు నా కళ్లముందు పడిపోయిన రెండు సందర్భాలూ వడగాలి ప్రకటన లేని రోజులే.

మే 26న రాసింది

ఆ ఏడు అప్పటికే వింతగా ఉంది. మే మొదటి వారంలో కురిసిన అకాల వర్షాలకు గోదావరి జిల్లాల్లో కళ్లాల్లో ధాన్యం తడిసి మొలకలు వచ్చాయి. వెంటనే బంగాళాఖాతంలో మోచా తుపాను లేచి, మే 14న మయన్మార్ తీరం దాటింది. వాన మనకు రాలేదు, ఎండ వచ్చింది. తుపాను చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అది ఈశాన్యాన ఉంటే మనం దాని పడమటి పక్కన పడతాం, గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి నేల మీంచే వస్తుంది. 2003 మే నెలలో ఇదే జరిగింది. ఆ బంగాళాఖాతపు తుపాను మయన్మార్ వైపు పోతూ మన తేమనంతా ఊడ్చుకుపోయింది, ఆంధ్రలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. మన తీరానికి దగ్గరగా వచ్చిన 2010 లైలా, 2022 అసని మాత్రం వానతో చల్లబరిచాయి. వచ్చే తుపాను గురించి అందరూ అడుగుతారు. పోయే తుపాను ఏం తీసుకుపోతుందో అడిగినవాళ్లను నేను చూడలేదు.

మోచా విషయంలో నేను సరిగ్గానే చెప్పాను. ఆ ధీమా ఒకటి మిగిలింది.

కేరళకు రుతుపవనాలు జూన్ 4న వస్తాయని, అటూ ఇటూ నాలుగు రోజులు తేడా ఉండొచ్చని వాతావరణ శాఖ మే 16నే చెప్పింది. కేరళ తాకాక మనకు రావడానికి మామూలుగా వారం. లెక్క వేసి, అంచనాలో ఇలా రాశాను: "జూన్ 8 దాకా పడమటి గాలి జోరు. మృగశిర ప్రవేశించాక 10, 12 మధ్య గాలి తిరుగుతుంది. 12 తర్వాత తొలకరి." మే 26నే వాతావరణ శాఖ ఇంకో సంగతి కూడా చెప్పింది: జూన్‌లో దేశం మొత్తం మీద వాన మామూలు కంటే తక్కువ, 92 శాతం లోపే ఉండొచ్చని. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే ఎల్‌నినో ముదురుతోందని అందరికీ తెలుసు. నేను దాన్ని రెండో పేజీలో చివరి లైనుగా పెట్టాను. రైతు రెండో పేజీ చదవడు, ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

బాబాయ్‌కి ఫోన్లో మాత్రం అంత కూడా చెప్పలేదు. "తిరుగుద్దంటావా?" అన్నారు. "తిరుగుద్ది బాబాయ్, పన్నెండు దాటదు" అన్నాను.

అరేబియా సముద్రంలో లేచింది

జూన్ 6న అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుపాను పుట్టింది. 8న రుతుపవనాలు కేరళను తాకాయి. వార్తల్లో అందరూ "వచ్చేశాయి" అన్నారు. 11కి రాష్ట్రంలో పుట్టపర్తి, శ్రీహరికోట దాకా వచ్చి, అవి ఎక్కడిదాకా వచ్చాయో మ్యాపులో చూపే గీత ఆగిపోయింది. వారం రోజులు ఆ గీత కదల్లేదు.

తుపాను తేమను తన చుట్టూ పోగు చేసుకుంటూ ఉత్తరానికి నడిచింది. దాని ఆగ్నేయ పక్కన గాలి నైరుతి, పడమర నుంచి ద్వీపకల్పం మీదకు ఉరికింది. ఆ గాలిలో ఉన్న తేమ పడమటి కనుమల దగ్గరే చాలావరకు దిగిపోతుంది. కర్ణాటక, తెలంగాణ పీఠభూమి దాటి, తూర్పు కనుమలు దిగి మన దగ్గరికి వచ్చేసరికి అది పొడిగా, వేడిగా, పైపెచ్చు బలంగా ఉంటుంది. సముద్రపు గాలికి ఎదురుతిరిగే సందు కూడా దొరకలేదు.

ఇక్కడే నా రెండో తప్పు. నేను "పడమటి గాలి" అని ఒకే పేరు పెట్టుకున్నవి నిజానికి రెండు. మే నెలది ఎడారి వైపు నుంచి విదర్భ మీదుగా వచ్చే వాయవ్యపు గాలి. అది పగలు కాలుస్తుంది కానీ, రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి పడిపోతే తెల్లవారుజామున కాస్త ఊపిరి తిప్పుకోనిస్తుంది. జూన్ రెండో వారంలో వీచింది అరేబియా సముద్రం నుంచి దక్కను మీదుగా వచ్చిన గాలి. అది రాత్రి కూడా ఆగలేదు. గాలి ఆగకపోతే నేల దగ్గర చల్లటి పొర కూడుకోదు, కిందిదీ పైదీ కలుస్తూనే ఉంటాయి. మా మేడ మీది థర్మామీటర్ తెల్లవారుజామున 4 గంటలకు 31 కన్నా దిగని రాత్రులు వరసగా నాలుగు రాసుకున్నాను. మనుషుల సంగతి అటుంచండి, చెరువుకు ఆ నాలుగు రాత్రులే ప్రాణం మీదికి తెచ్చాయి.

15న తుపాను గుజరాత్‌లో జఖౌ దగ్గర తీరం దాటి రాజస్థాన్‌లోకి వెళ్లింది. బాడ్మేర్, జాలోర్, సిరోహీ వరదలో మునిగాయి. ఎడారిలో పడవలు వేసుకుని జనాన్ని తరలిస్తున్న వీడియో ఒకటి మా ఊరి గ్రూపులో తిరిగింది. అదే రోజుల్లో మా దగ్గర ఎండ తగ్గక స్కూళ్లకు ఒంటిపూట బడులు పొడిగించారు. ఆ వీడియో కింద ఎవరో "ఆళ్ల వాన మనకి, మన ఎండ ఆళ్లకి ఇచ్చుకుందాం" అని పెట్టారు. వాతావరణం గురించి ఆ నెలలో వచ్చిన మాటల్లో అదే అన్నిటికన్నా కచ్చితమైనది.

చెరువు గట్టు మీద

మళ్లీ కాస్త వెనక్కి, జూన్ 9కి. ఆ శుక్రవారం పొద్దున్న రెండు చూశాను. ఒకటి తుపాను వెళ్లే దారి మీద అంచనాలు, అన్నీ ఉత్తరానికే చూపిస్తున్నాయి. రెండోది మచిలీపట్నంలో పొద్దున్న 5.30కి వదిలే బెలూన్ కొలతలు. 1.5 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎటు నుంచి ఎంత జోరుగా ఉంది, అక్కడ వేడి ఎంత ఉంది అన్న రెండు అంకెలు చాలు. ఆ ఎత్తులో 28 డిగ్రీలుంటే, గాలి బాగా కలిసే పొడిరోజున నేల మీద అంతకు 14, 15 కలుపుకోవచ్చు, అంటే 43 దగ్గర. సముద్రపు గాలి మధ్యలో వచ్చి ఆపితే తప్ప. ఆ ఎత్తులో పడమటి గాలి గంటకు 35, 40 కి.మీ. దాటితే సముద్రపు గాలి ఒడ్డు దాటడం కష్టమని నా డైరీలు చెబుతాయి. ఆ రోజు గాలి అలాగే ఉంది.

పదిన్నరకు బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఇలాంటి ఫోన్ చేయడం అంత సులువు కాదు. "బాబాయ్, నేను చెప్పింది తప్పింది. గాలి తిరగదు. ఇంకో పది రోజులు ఇంతే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి మొన్న పన్నెండన్నావుగా" అన్నారు. కోపం లేదు, అదే ఎక్కువ బాధ.

సాయంత్రం గట్టు మీదకు వెళ్లాను. మధ్యాహ్నం నీటి వేడి 34 దాటుతోంది. వనామికి 28 నుంచి 32 దాకా హాయి. ఆ పైన మేత తగ్గుతుంది. మేత తగ్గిందన్న సంగతి మేత వేసేవాడు ఒప్పుకోడు. మేత తిన్నాయో లేదో చూడటానికి నీటిలో ఉంచే చెక్ ట్రేలు ఎత్తిస్తే రెండు చెరువుల్లో మేత మిగిలి ఉంది. మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది, అమ్మోనియా పెరుగుతుంది. నీరు వేడిగా ఉండి పీహెచ్ ఎక్కువైతే ఆ అమ్మోనియాలో విషపు వాటా ఇంకా పెరుగుతుంది. ఇంకో పక్క వేడి నీరు ఆక్సిజన్ పట్టుకోలేదు. మంచినీరైనా 30 డిగ్రీల దగ్గర లీటరుకు 7.5 మిల్లీగ్రాములే పట్టుకుంటుంది, ఉప్పునీటిలో అంతకన్నా తక్కువ. రాత్రి నీరు చల్లబడకపోతే రొయ్య, నాచు, అడుగు బురద మూడూ రాత్రంతా అదే జోరుతో ఊపిరి పీలుస్తాయి. తెల్లవారుజామున 4కి డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందని అడిగితే, కుర్రాడు మీటరు వైపు చూడకుండా "బానే ఉందండి" అన్నాడు. నేనే దించి చూశాను. మూడున్నర లోపుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆ గాలికి చెరువు నీరు రోజుకు సెంటీమీటరుకు దగ్గరగా ఆవిరైపోతుంది. ఉప్పదనం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది, లోతు తగ్గితే ఇంకా త్వరగా కాగుతుంది.

నేను చెప్పింది ఇది: మేత ఎక్కువ మిగిలిన రెండు చెరువులూ వెంటనే పట్టించేయండి. మిగతా రెంటిలో మధ్యాహ్నం మేత పూర్తిగా మానేసి, పొద్దున్న ఆరుకు, రాత్రికి మార్చండి, మొత్తం మీద మూడో వంతు తగ్గించండి. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు పగలు కూడా ఆపొద్దు, అడుగు నీరూ పై నీరూ కలవాలి. బాబాయ్ కొడుకు ఒప్పుకోలేదు. 40 కౌంట్‌కి ఇంకో వారం, పది రోజులే అని అతని వాదన. అతను చెప్పిన దాంట్లో లెక్క ఉంది. నాకు కావలసిన లెక్క వేరు: ఇంకో పది రోజులు ఈ రాత్రులు ఇలాగే ఉంటే పెరుగుదల ఉండదు, డీజిల్ ఖర్చు మాత్రం ఉంటుంది. పెరగని రొయ్యను మేపడం అంటే అప్పు మీద వడ్డీ కట్టడమే.

11వ తేదీ రాత్రి రెండు చెరువులు పట్టించారు. 44 కౌంట్ వచ్చింది. మిగతా రెండూ ఉంచారు.

అవి 18 దాకా నిలబడ్డాయి. ఏరియేటర్లు మోగుతూనే ఉన్నాయి, డీజిల్ డ్రమ్ములు ఖాళీ అవుతూనే ఉన్నాయి. 43 దగ్గర ఆగిపోయింది కౌంట్, చెరువులో రొయ్య కూడా ఆగిపోయింది. తర్వాత పైన పడమటి గాలి సడలడం మొదలైంది. మధ్యాహ్నం రెండున్నరకి, ఇంకో రోజు ఒంటిగంటకి గాలి తిరిగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అది నా మూడో తప్పు.

ఎండాకాలం చివర గాలి తిరిగిందంటే తేమ వచ్చినట్టే. పైన ఇంకా వేడి, పొడి ఉంటుంది, కింద తేమ చేరుతుంది. సాయంత్రానికి పడమర నుంచి మేఘం లేస్తుంది. మూడో రోజు సాయంత్రం ఆరు దాటాక ఈదురుగాలి, ఉరుములు, గంటన్నర వాన. జనం వీధుల్లోకి వచ్చి తడిశారు. కరెంటు ఊరంతా పోయింది. బాబాయ్ చెరువుల దగ్గర జనరేటర్ మొదలుపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే రెండు వారాలు రాత్రీ పగలూ నడిచి అది అప్పటికే అలిసిపోయింది.

రెండు వారాలు కాగిన చెరువు మీద చల్లటి వాననీరు పడితే అది పైనే పొరలా నిలుస్తుంది. వాననీటికి ఉప్పు లేదు, తేలిక, కిందికి దిగదు. నీటిలో ఎండకు అలవాటుపడ్డ పచ్చటి నాచు ఒక్కసారి చచ్చి అడుగుకు చేరుతుంది, కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తుంది. పీహెచ్ పడిపోతుంది. నాలుగో చెరువులో తెల్లవారుజామున రొయ్యలు గట్టుకు చేరాయి. సున్నం కొట్టించారు, తూము పై పలకలు తీసి పైనున్న వాననీరు వదిలించారు, మేత ఆపారు. ఆ పొద్దున్నే పట్టుబడి పెట్టారు. అయినా కొంత పోయింది. ఎంతన్నది ఇక్కడ రాయను, అది ఆయన సొంత లెక్క. మొదట పట్టిన రెండు చెరువుల డబ్బు ఆ నష్టాన్ని మోసింది.

వరి, బోటు

వరి రైతు విషయం చిన్నది. నా తేదీ నమ్మి జూన్ 5నే స్వర్ణ రకం వరికి ఆకుమడి పోశారు. కాలవకు నీరు వచ్చింది కానీ ఆయనది కాలవ చివర శివారు పొలం, అక్కడి దాకా సన్నగా వచ్చింది. మధ్యాహ్నం మడిలో నిలిచిన నీరు కాగి మొలకల కొసలు మాడాయి. పగలు నీరు తీసేసి సాయంత్రం కొత్త నీరు పెట్టమన్నాను. ఓ మూల చౌడు తేలి చారెడు మేర ఆకు పోయింది, మిగతాది నిలబడింది. ఊడ్పులు ఆలస్యమయ్యాయి, అంతే. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందంటారు, మా ఎద్దుకి మరీ వయసైపోయింది లెండి" అని నవ్వేశారాయన.

బోటు ఆయనకు 14 రాత్రి ఫోన్ చేశాను. ఆయన అరేబియా సముద్రం తుపాను టీవీలో చూసి వెళ్లాలా వద్దా అని కంగారుపడుతున్నారు. ఈ వైపు అల పెద్దగా ఉండదని, పడమటి గాలికి ఒడ్డు దగ్గర సముద్రం పరుపులా కనిపిస్తుందని, అదే మోసమని చెప్పాను. నేల మీంచి వచ్చే గాలి చిన్న ఫైబర్ బోటును లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆగితే ఒడ్డుకు కాక లోపలికే పోతాం. ఒక్క బోటుగా వెళ్లొద్దు, రెండు కలిసి వెళ్లండి అన్నాను. అలాగే వెళ్లొచ్చారు.

ఆ తర్వాత మార్చింది

అంచనా కాగితం మార్చాను. అందులో ఇప్పుడు తొలకరి తేదీ లేదు. దాని చోట ఒక పట్టిక ఉంది: రాబోయే వారంలో ఒక్కో రోజు గాలి ఎన్ని గంటలకు తిరగవచ్చో, మొగల్తూరుకి వేరుగా, భీమవరానికి వేరుగా. 12 లోపు, 12 నుంచి 3, 3 తర్వాత, అసలు తిరగదు అని నాలుగు గడులే. ఐదో రోజు దాటాక గడి నింపను. అంతకు మించి కావాలంటే వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల అంచనాలో వేడి ఎక్కువా తక్కువా అన్నది మాత్రం ఒక మాట రాస్తాను. దాన్ని కూడా ఇప్పుడు మొదటి పేజీలో పెడుతున్నాను.

పక్కన ఇంకో గడి పెట్టాను: పడమటి గాలి ఎక్కడి నుంచి. విదర్భ వైపు నుంచా, కర్ణాటక వైపు నుంచా. రెండోదైతే రాత్రి వేడి అంకె కూడా రాస్తాను. ఎందుకంటే చెరువు రైతు పగటి ఎండ టీవీలో చూసుకోగలడు, తెల్లవారుజాము 4 గంటల వేడి అతనికి ఎవరూ చెప్పరు. ఇంకా, అరేబియాలో గానీ బంగాళాఖాతంలో గానీ తుపాను ఉంటే, అది మనకు వస్తుందా రాదా అన్న దానికి ముందు, మనం దానికి ఏ పక్కన పడతాం అన్నది రాస్తాను.

2025లో దీనికి ఒక పరీక్ష వచ్చింది. ఆ ఏడు రుతుపవనాలు మే 24కే కేరళ తాకాయి, 26కి మన రాష్ట్రంలోకి వచ్చాయి. అందరూ సంబరపడ్డారు. తర్వాత మే నెలాఖరు నుంచి జూన్ సగం దాకా రుతుపవనం ముందుకు కదల్లేదు. బాబాయ్ ఫోన్ చేసి "వచ్చేసిందన్నారు కదరా, వానేదీ?" అన్నారు. "వచ్చింది రాష్ట్రానికి బాబాయ్. మొగల్తూరుకి ఇవాళ రెండింటికి వస్తుంది, గాలి మాత్రమే" అన్నాను. రెండూ పదికి తిరిగిందని సాయంత్రం చెప్పారు. ఆ ఏడు ఆయన 50 కౌంట్‌కే పట్టించేశారు, నేను అడగకుండానే.

ఒక గడి మాత్రం ఇప్పటికీ నింపలేకపోతున్నాను. గాలి తిరిగాక వచ్చే మొదటి ఈదురుగాలి ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ముందురోజు చెప్పడం నావల్ల కావడం లేదు. మచిలీపట్నం రాడార్‌లో మేఘం లేచాక గంట, గంటన్నర ముందు చెప్పగలను, అంతే. అందుకని గాలి 12కి ముందే తిరిగే మొదటి మూడు రోజులకూ ఆ గడిలో "జనరేటర్ ఒకసారి నడిపి చూడండి, డీజిల్ నింపండి, తూము పలకలు వదులు చేసి పెట్టండి" అని రాసి ఇస్తున్నాను.